సేవయా? వెట్టియా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలనుండి బిడ్డలు హైదరాబాదునకును, సముద్రములు దాటి పరదేశములకును ఉద్యోగార్థము పోవుచున్నారు. ఇంట మిగిలిన తలిదండ్రులలో కొందఱికి వృద్ధాశ్రమమే శరణ్యమగుచున్నది. పుట్టినదినమునకో, పితృతిథికో అచ్చట అన్నదానము చేయుట మనవారికి ఆచారమైనది. సంతోషమే. కాని ఆ యన్నము వడ్డించు ఆయమ్మ రాత్రి యెన్ని గంటలు నిద్రించినదని అడిగిన దాత యెవడు?

మంచముపట్టిన ముసలివానిని లేవనెత్తుట ఇద్దఱి పని. ఒక్కతెయే చేసినచో ఆమె నడుము విఱుగును; లేదా ఆయన జాఱిపడి తుంటియెముక విఱుగును. చేతితొడుగులు లేక మలమూత్రముల గుడ్డలనుతుకుటయు, వాడిన సూదుల నేఱివేయుటయు రోగమును పిలిచి తెచ్చుకొనుటయే. పగలెల్ల పనిచేసినదానినే రాత్రియు కావలియుంచినచో, అర్ధరాత్రమున నిప్పంటుకొన్న నాడు ముప్పదిమందిని బయటికి చేర్చువారెవరు? 2001 ఆగస్టు 6న తమిళనాడునందలి ఏర్వాడిలో గొలుసులతో కట్టబడిన 28 మంది మానసికరోగులు మంటలలో మాడిపోయిన వృత్తాంతము దేశము మఱవరానిది. పనివారి క్షేమమును, ఆశ్రితుల క్షేమమును వేఱుచేయుట అసాధ్యము.

వెట్టి యననేమో ఈ సీమవారికి ఒరులు చెప్పవలసిన పని లేదు. వేళకు అంతులేక, చేతికి కూలిలేక గడీలో చేసిన చాకిరి యది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొఱిగినది ఆ దొరతనమునకు ఎదురు నిలిచియే. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. కనీస వేతనమునకు తక్కువ యిచ్చి పని గొనుటయు ఆ నిషేధము క్రిందికే వచ్చునని 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణపు కూలీల వ్యాజ్యమున, సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. గడీలో తప్పైనది ఆశ్రమములో ఒప్పగునా?

శాసనముల తీరు చూడుడు. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టపు 19వ ప్రకరణము జిల్లాకొక ఆశ్రమమును, అందు 150 మంది నిరుపేదలకు తావును తలపెట్టినది. ఆ ప్రకరణమున వృద్ధుల వైద్యము, వినోదము పేర్కొనబడినవి. వారిని లేవనెత్తు చేతుల ప్రసక్తి లేదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతియో, దాతృత్వసంస్థలను పరిశ్రమ యను నిర్వచనము నుండియే మినహాయించినది. సేవ యను పావననామమే సేవకురాలికి అడ్డుగోడ యైనది!

చందాలతో నడచు సంస్థలు ఇంత భారము మోయజాలవని కొందఱందురు. ఆ కష్టము మేమెఱుగనిది కాదు. నిస్వార్థముగ నడపువారికి మా నమస్కారము. కాని బియ్యపు వర్తకుడు ధర్మసత్రమని బియ్యము ఊరక యిచ్చుచున్నాడా? విద్యుచ్ఛక్తికి రుసుము మానుచున్నారా? అన్నిటికిని వెల చెల్లించి, ఒక్క పేదరాలి చెమటను మాత్రము దానముగ గైకొనుట ధర్మము కాదు. దానము చేయువాడు తనదానినే యీయవలెను. పరుల నిద్రను గాదు.

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి పనివానికి నియామకపత్రము, ఎనిమిది గంటల పని, వారమునకొక సెలవు, కనీస వేతనము నుండవలెను. రాత్రి కావలికి ఇద్దఱికి తక్కువ గాకుండవలెను. చేతితొడుగులు, రోగిని లేవనెత్తుటలో శిక్షణము, రెండవ ద్వారము, అగ్నిశామక సాధనములు లేని గృహమునకు అనుమతి యీయరాదు. సూర్యాపేట, నల్లగొండ జిల్లాల కలెక్టరులు ఏటేట తనిఖీ జరిపించి, ఆ నివేదికను ద్వారముకడ అంటింపజేయవలెను.

పాఠకులారా! మీరు తల్లిని చేర్చబోవునప్పుడు, లేదా అన్నదానమునకు పైకము గట్టునప్పుడు, మూడు ప్రశ్నలడుగుడు: రాత్రి యెందఱుందురు? వారి జీతమెంత? నిప్పంటుకొన్నచో దారి యెటు? సమాధానము దొరకని చోట మీ దానము మీ తల్లికి రక్ష కానేరదు.