పెద్ద క్లబ్బుల రెండో టీములు చిన్న లీగుల్లో ఆడొచ్చా?

మా వజ్రకరూరులో తొలకరి పడగానే జనం చేలల్లో తలొంచుకుని తిరుగుతారు, వజ్రం దొరుకుతుందేమోనని. దొరికినోడికి ఎంతోకొంత ముడుతుంది. అసలు రేటెంతో కొన్న వ్యాపారికే ఎరుక. ఫుట్‌బాల్లో చిన్న క్లబ్బుల బతుకూ ఇంతే. కుర్రాణ్ణి వెతికి పట్టేది వీళ్ళు, లాభం పెద్దోళ్ళకి. సరే, అది పాత గోడే. కానీ ఆ వ్యాపారి "మీ చేలో నాకూ భాగం కావాలి" అంటే?

స్పెయిన్, జర్మనీల్లో పెద్ద క్లబ్బుల రెండో టీములు కింది డివిజన్లలో మిగతా క్లబ్బులతో కలిసి ఆడతాయి. 1980లో స్పెయిన్ కప్పు ఫైనల్లో రియల్ మాడ్రిడ్ ఆడింది ఎవరితోననుకున్నారు? తన రెండో టీము కాస్టియ్యాతోనే! 6-1తో గెలిచింది. 2020లో బయర్న్ రెండో టీము జర్మనీ మూడో డివిజన్లో మొదటి స్థానంలో నిలిచింది. కానీ రూల్సు ఒప్పుకోవు కాబట్టి పైకి వెళ్ళలేదు. ఇంగ్లండులో 2014లో ఇలాంటి ప్రతిపాదనే వస్తే అభిమానులు గొడవ చేశారు.

మన దగ్గరా జరిగింది. 2017-18లో ఐ-లీగ్ రెండో డివిజన్లో ఐఎస్ఎల్ క్లబ్బుల రిజర్వ్ టీముల్ని చేర్చారు, ప్రమోషన్ లేదనే షరతు మీద. ఆ ఏడు గెలిచి పైకెళ్ళింది రియల్ కాశ్మీర్. 2016లో పుట్టిన క్లబ్బు, పైకెళ్ళిన మొదటి సీజన్లోనే మూడో స్థానం కొట్టింది. చిన్న లీగు ఉండేది ఇందుకు కదా!

కుర్రాళ్ళకి గట్టి మ్యాచులు కావాలన్న వాదన నేనూ ఒప్పుకుంటా. స్టేజింగ్ సర్వర్లో ఎంత టెస్ట్ చేసినా ప్రొడక్షన్లో పెడితేగానీ అసలు బగ్గులు బయటపడవు. కానీ మన టెస్టింగుకి పక్కోడి ప్రొడక్షన్ వాడుకోకూడదు కదా :)

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా దగ్గర ఒక వాలీబాల్ టోర్నమెంటు జరిగింది. పదహారు టీములకే చోటు. పక్క టౌను టీమొకటి రెండు పేర్లతో రెండు ఎంట్రీలు కట్టింది. మేం చందాలేసుకుని డబ్బు పట్టుకెళ్ళేసరికి లిస్టు నిండిపోయింది. సెమీస్‌లో ఆ రెండు టీములే ఎదురుపడ్డాయి. రెండో టీము కష్టపడి ఆడితే ఒట్టు! మొదటి టీము అలిసిపోకుండా ఫైనలుకెళ్ళింది. మేం ఆడుంటే గెలిచేవాళ్ళమని కాదు. గట్టు మీద కూర్చుని ఇతరుల ఇంటి పోటీ చూశాం, అదీ బాధ.

అందుకే నా మాట ఇది. రిజర్వ్ టీములకి వేరే లీగు పెట్టండి. 2022లో కుర్రాళ్ళ కోసం డెవలప్‌మెంట్ లీగొకటి మొదలైంది, దాన్నే పెంచండి. తప్పదంటే, చిన్న క్లబ్బుల చోట్లు తగ్గించకుండా అదనంగా ఇవ్వండి.

1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్‌డీటీ పుణ్యమా అని ఈ కరువు నేల మీద పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. రేపు వాళ్ళలోంచి ఒక క్లబ్బు పుట్టి డబ్బు పోగేసుకుని గేటు దాకా వెళ్తే, "లిస్టు నిండిపోయింది" అనే మాట మాత్రం వినపడకూడదు.

మీరేమంటారు?