వెలుగు ముందు, చప్పుడు వెనుక

ఉల్క రాలిన నరిష్టమని మన యిండ్ల పెద్దలు భయపడుట మనమెరిగినదే. వరాహమిహిరుడు బృహత్సంహితలో నుల్కలకొక యధ్యాయమునే కేటాయించి, వానిని ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార యని యైదు విధములుగ విభజించెను. పెనుచప్పుడుతో బడునది అశని. ఫలముల మాట యటుండనిండు. చూచినదానిని భేదములెంచి వ్రాసిపెట్టిన యా శ్రద్ధ మనకు గావలసినది. అట్టి శ్రద్ధ యెంత మేలు చేయునో తెలుపుటకై 2013వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన నొక్కనాడే జరిగిన రెండు సంగతులను మనవి చేసెదము.

సూర్యుని చుట్టును దిరుగు చిన్న శిలలను గ్రహశకలములందురు. వానిలో గొన్ని భూమి దారికి సమీపముగ వచ్చుచుండును. అట్టి దానినొకదానిని 2012 ఫిబ్రవరిలో స్పెయిన్ దేశమందలి లా సాగ్రా వేధశాలవారు కనుగొనిరి. దానికి 2012 డిఎ14 అని గుర్తు. పొడవు ఇంచుమించు 40 మీటర్లు. మరుసటియేడు అది భూమికి సుమారు 27,700 కిలోమీటర్ల యెత్తున సాగిపోవునని శాస్త్రజ్ఞులు ముందే లెక్కకట్టిరి. టెలివిజను ప్రసారములకు దోడ్పడు ఉపగ్రహము లనేకము 36,000 కిలోమీటర్ల యెత్తున నుండును. అనగా నీ శిల వానికంటెను దిగువగ బోవలెను. చెప్పిననాడే, చెప్పిన దారినే పోయెను. భూమికి గోరంత హానియు గలుగలేదు.

కాని యానాటి యుదయముననే, ఎవ్వరు నెదురుచూడని వేరొక శిల రష్యాలోని చెల్యాబిన్స్క్ ప్రాంతముపై మండుచు వచ్చెను. దాని కొలత 20 మీటర్లే. సూర్యుని దిక్కునుండి వచ్చుటచే దూరదర్శినులకు ముందుగ గోచరింపలేదు. సుమారు 30 కిలోమీటర్ల యెత్తున బ్రద్దలై సూర్యుని మించిన కాంతిని వెదజల్లెను. రెండు శిలల దారులును వేరు. వానికి సంబంధము లేదు.

ఆ వింతకాంతిని జూడ జనులు కిటికీలకడకు బరుగెత్తిరి. కాంతి కనుమూసి తెరచునంతలో వచ్చును. ధ్వనికో, కిలోమీటరునకు మూడు సెకండ్లు పట్టును. అందుచే గొంత సేపటికి గాని గాలిదెబ్బ నేలను జేరలేదు. చేరినంతనే వేలకొలది యిండ్ల యద్దములు పగిలెను. ఇంచుమించు 1,500 మంది గాయపడి వైద్యుల నాశ్రయించిరి. పెక్కుమందికి దగిలినవి గాజుపెంకులే. ప్రాణనష్టము మాత్రము లేదు.

అచ్చటి పాఠశాలలో నొక యుపాధ్యాయిని, కాంతి యేమిటో తెలియకున్నను, తన తరగతిలోని 44 మంది పిల్లలను బల్లలక్రింద దూరుమని యాజ్ఞాపించెను. ఒక్క బిడ్డకును గాయము గాలేదు. ఆమె చేయి మాత్రము గాజునకు దెగెను.

మన యింట మెరుపు మెరసినంతనే పిల్లలు అర్జునుని పేర్లు చెప్పుకొందురు. దానిని మాన్పింప నక్కరలేదు. మెరుపునకును ఉరుమునకును నడుమ నెన్ని సెకండ్లు గడచెనో గూడ లెక్కింప నేర్పుదము. మూడింట భాగించిన, పిడుగెన్ని కిలోమీటర్ల దూరమున నున్నదో తెలియును. వింతవెలుగు గనబడిన గిటికీకి దూరముగ దొలగవలెనని చెప్పుదము. వేధశాల మన చేతిలో లేదు గాని, యీ పాఠము మన చేతిలోనిదే.