పెట్టెలో ఆది జాకెట్టు

అమ్మాయికి పెళ్ళయి అమెరికా వెళ్ళబోతున్నదనీ, ఇరవై జాకెట్లు కుట్టించి సిద్ధంగా ఉంచామనీ, ఇంకా ఏమేమి సర్దాలో చెప్పమనీ మల్కాజిగిరి నుంచి ఒక తల్లి వ్రాశారు. ఇటువంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. ఆవకాయ కారకుండా ఎలా మూత బిగించాలి, కందిపొడి ఎన్నాళ్ళు నిలవుంటుంది అని అడిగేవారే ఎక్కువ. గుడ్డల సంగతి అడిగేవారు అరుదు. అందుకని ఈ వారం ఆవకాయను పక్కన పెట్టి సూదీ దారం గురించి వ్రాస్తున్నాను.

అమ్మా, ఇరవై జాకెట్లు చాలా ఎక్కువ. కొత్త కాపురం, చిక్కటి పాలు, చలికి ఇల్లు కదలకపోవడం - ఏడాది తిరిగేసరికి ఒళ్ళు చేస్తుంది. ఆ తరువాత పాపో బాబో పుడితే చెప్పనే అక్కరలేదు. మూడో ఏట ఆ ఇరవైలో నాలుగు పడితే అదృష్టమే. ఆరు కుట్టించండి, చాలు. అవైనా పక్క కుట్ల లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ వదలమని దర్జీకి గట్టిగా చెప్పండి. చెప్పకపోతే కత్తిరించి పారేసేవారున్నారు. తక్కిన పద్నాలుగూ ముక్కలుగానే పెట్టెలో పెట్టండి. వాటితోపాటు ఒంటికి సరిగ్గా అమరిన ఆది జాకెట్టు ఒకటి, కుట్లన్నీ విప్పి ఇస్త్రీ చేసిన పాత జాకెట్టు మరొకటి. ఈ రెండోది దేనికంటారా? ఆది జాకెట్టు చూస్తే కొలత తెలుస్తుంది గాని కత్తిరింపు తెలియదు. విప్పిన జాకెట్టు ముందు భాగం, వెనుక భాగం, చేతులు, నడుము పట్టీ విడివిడిగా వార్తాపత్రిక మీద పరచి గీసుకుంటే, చంక వంపు ఎంత లోతో, డాట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో కంటికి కనిపిస్తుంది. పుస్తకం చదివి నేర్చుకోవాలంటే నెల పట్టేది దీంతో ఒక మధ్యాహ్నంలో వస్తుంది.

కుట్టడం రాదంటారేమో. నేర్పించి పంపండి. వంట ఎలాగూ వస్తుంది; ఆకలి నేర్పుతుంది. కుట్టు అలా కాదు, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి.

నేను 2006లో వెళ్ళాను. అప్పటికి మన ఊళ్ళో అమెరికా కాన్సలేటు లేదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్సులో రాత్రంతా కూర్చుని చెన్నై వెళ్ళి వీసా తెచ్చుకోవలసివచ్చేది. బేగంపేట పైగా ప్యాలెస్సులో కాన్సలేటు 2008లో తెరిచారు. 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారింది. ఇప్పటి పిల్లలకు ఆ రైలు ప్రయాణం లేదు గాని, వీసా మాత్రం అదే. మావారిది హెచ్-1, నాది హెచ్-4. అంటే భర్తతో ఉండవచ్చు, చదువుకోవచ్చు, కారు నడపవచ్చు, ఒక్క డాలరు కూడా సంపాదించరాదు. బి.కాం. చదివి సికింద్రాబాదులో నాలుగేళ్ళు లెక్కలు వ్రాసినదాన్ని. న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊళ్ళో, రెండు గదుల ఇంట్లో, ఉదయం ఏడున్నరకు ఆయన కారు వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రం ఏడింటి దాకా మనిషి గొంతు వినిపించదు. మారేడుపల్లిలో కూరలబండివాడు, పాలబ్బాయి, ఎదురింటి పిన్నిగారు - పది గంటలయ్యేసరికి పదిమందితో మాట్లాడేదాన్ని. అక్కడ తలుపులన్నీ మూసే ఉండేవి. ఏడవాలనిపించేది కాదు సుమండీ, నిద్ర వచ్చేది. ఆ నిద్రకు భయం వేసింది. అది మంచి నిద్ర కాదు.

ఇంట్లో మిషను ఉంటే బాగుండునని తోచింది. మన మిషను పట్టుకువెళ్ళడం తేలిక కాదు. మనకు కరెంటు 230 వోల్టులు, 50 సైకిళ్ళు. అక్కడ 120 వోల్టులు, 60 సైకిళ్ళు. ఇక్కడి మోటారు అక్కడ సరిగ్గా తిరగదు. చేత్తో తిప్పే మిషనుకు ఆ బాధ లేదు, ఏ దేశమైనా దానికి ఒకటే. కాని ఇనుపముక్క. విమానంలో పెట్టెకు 23 కిలోలు అనుమతిస్తే సగం అదే తినేస్తుంది. అందుకని మిషను అక్కడే కొనుక్కోవాలి. అదీ కొత్తది కాదు. శనివారం ఉదయాలు ఇళ్ళముందు పాత సామాను పరిచి అమ్ముతారు, దాన్ని గరాజ్ సేల్ అంటారు. అలా ఒక శనివారం, ఒక ముసలావిడ ఇంటిముందు, కుర్చీలకూ దీపపు స్తంభాలకూ మధ్య నల్లటి సింగరు మిషను కనబడింది. నలభై డాలర్లు. మావారు దాన్ని ఎత్తి చూసి, "ఇది కుట్టుమిషనా, రోడ్డు రోలరా?" అన్నారు. ఎత్తి కారులో పెట్టినది మాత్రం ఆయనే.

మా అమ్మమ్మ దగ్గర కూడా సింగరే ఉండేది. దాని నెంబరు వై అక్షరంతో మొదలవుతుంది, అంటే స్కాట్లండులో క్లైడ్‌బాంక్ ఫ్యాక్టరీలో తయారైందని లెక్క. అక్కడ కూడా మన 1897 నాటి క్లాక్ టవరు లాగా, దానికి ఎన్నో రెట్లు పెద్ద గడియారస్తంభం ఉండేది, 1963లో పడగొట్టారు. నేను కొన్న మిషను నెంబరు వెతికితే అది పుట్టినది ఎలిజబెత్ అనే ఊళ్ళో అని తేలింది. ఎడిసన్ నుంచి రైల్లో అదే లైను మీద ఉన్న ఊరే! అక్కడ సింగరు కంపెనీ 1873లో పెద్ద ఫ్యాక్టరీ తెరిచి, 1982లో మూసింది. ఒక శనివారం అక్కడికి వెడదామన్నాను. ఇంటిల్లిపాదీ నయాగరాకో న్యూయార్కుకో వెడతారు గాని మూతబడ్డ ఫ్యాక్టరీకి ఎవరైనా వెడతారా అని మావారు నవ్వారు. వెళ్ళాము. చూడడానికేముంది, గిడ్డంగులు, లారీలు, సముద్రపు గాలి. అయినా ఆ దేశంలో నేను కోరి వెళ్ళిన మొదటి చోటు అదే. అంతకుముందు వెళ్ళినవన్నీ ఎవరో తీసుకువెడితే వెళ్ళినవి.

యంత్రాలంటే గిట్టని గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో సింగరు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూడలేక ప్రేమతో కనిపెట్టినది గనుక మంచిదేనన్నారు. ఐజాక్ సింగరు చరిత్ర చదివినవారికి మాత్రం ఇది నవ్వు తెప్పిస్తుంది. ఆయనకు ఒకరు కాదు, ఎందరో స్త్రీలతో సంబంధాలు, ఇరవైమందికి పైగా పిల్లలు. ప్రేమ తక్కువేమీ కాదు లెండి.

ఇక వారమంతా ఏం కుట్టేదాన్నంటే, శనివారానికి కావలసినవి. ఆ దేశంలో శనివారం లేకపోతే నాబోటివాళ్ళకు క్యాలెండరే లేదు. ఒకవారం బ్రిడ్జివాటరు వేంకటేశ్వరస్వామి గుడి, ఒకవారం ఓక్ ట్రీ రోడ్డులో పప్పులూ బియ్యమూ, ఎండ కాస్తే సముద్రతీరం. పులిహోర డబ్బా పట్టే సంచీ, కారులో వెనక సీటుకు వేలాడదీసే అరల సంచీ, అమ్మాయికి పరికిణీ, దిండు గలీబులు - ఇవే నా కుట్టులు. సోమవారం కత్తిరించి శుక్రవారం హేమింగు పూర్తి చేస్తే, శనివారం అది లోకంలోకి వస్తుంది. గుళ్ళో ఎవరో ఒకరు సంచీ పట్టుకుని తిప్పి చూసేవారు. ఆ అరనిమిషం మాటే స్నేహమయ్యేది.

గుడ్డ విషయంలో ఒక జాగ్రత్త. మన నూలుగుడ్డ నీళ్ళలో కుదించుకుపోతుందని అందరికీ తెలుసు. అక్కడ బట్టలు వేడిగాలి మిషనులో ఆరబెడతారు గనుక ఇంకా కుదించుకుపోతుంది. కత్తిరించబోయేముందు ఒకసారి ఉతికి, అదే మిషనులో ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పట్టాలి. అక్కడ గుడ్డ గజాల్లో అమ్ముతారు. గజం అంటే 36 అంగుళాలు, మీటరు కంటే మూడంగుళాలకు పైగా తక్కువ. మీటరు కావలసినచోట గజం కొంటే చెయ్యి పొట్టిదవుతుంది. నేను వెళ్ళే దుకాణం జోయన్. 1943లో క్లీవ్‌లండులో మొదలై దేశమంతా ఉండేది. అది దివాలా తీసి 2025 మేలో దుకాణాలన్నీ మూసేసింది. ఇప్పుడు వెళ్ళేవారికి ఆ కౌంటరు దగ్గర నిలబడి గుడ్డ తడిమి చూసే భాగ్యం తగ్గింది. ఇది ఇక్కడినుంచే ముక్కలు తీసుకువెళ్ళడానికి మరొక కారణం.

బొంత సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం ఉప్పులేని పప్పు అవుతుంది. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఆమిష్ అనేవారు గుర్రపు బగ్గీల్లో తిరుగుతూ, ఊరి కరెంటు లైను ఇంటికి రానివ్వకుండా బతుకుతారు. ఆడవాళ్ళు కాలితో తొక్కే మిషను మీద ముక్కలు కలిపి, పైన చేత్తో కుట్టు వేసి బొంతలు చేస్తారు. వాటిని క్విల్టులంటారు. దుకాణంలో ధర చీటీ చూసి కళ్ళు తిరిగాయి, వందల డాలర్లు! అమ్మాయి నా ఒళ్ళో పడుకుని ఉంది, దాని కింద అమ్మమ్మ పాత చీరల బొంత. దుకాణంలోని పెద్దావిడ క్విల్టులు చూపడం మానేసి మా బొంత అంచు పట్టుకుని, కుట్టు కుట్టుకూ మధ్య వేలు పెట్టి చూసింది. "ఇది ఎవరు చేశారు?" అని అడిగింది. చెప్పాను. "ఎన్ని పొరలు?" అంది. అయిదు అన్నాను. తల ఊపింది. ధర అడగలేదు, కుట్టే మనిషి గనుక.

అలబామాలో జీస్ బెండ్ అనే చోటి నల్లజాతి స్త్రీలు పొలంలో తొడిగి చిరిగిన బట్టలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్కు విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేశారు. నేను వెళ్ళిన ఏడే అది. ఆ బిళ్ళ అంటించి అమ్మకు ఉత్తరం వ్రాస్తే, "మన బొంత స్టాంపు మీద ఎందుకు వేశారే?" అని జవాబు వ్రాసింది.

చంటిపిల్లల బొంతకు మెత్తబడ్డ నూలుచీర ఒక్కటి చాలు. అయిదున్నర మీటర్ల చీరను మీటరు చొప్పున అయిదు ముక్కలు చేసి, ఒకదానిమీద ఒకటి పరచి, మూలలు సూదులతో బిగించి, నడుమనుంచి అంచులవైపు కుట్టుకుంటూ రావాలి. అంచులనుంచి మొదలుపెడితే మధ్యలో ఉబ్బు మిగులుతుంది. కుట్టు వరసల మధ్య రెండు వేళ్ళ ఎడం చాలు. మిగిలిన అరమీటరుతో చుట్టూ పట్టీ వెయ్యవచ్చు. పట్టుచీర పనికిరాదు, జారుతుంది, ఉతకడం కష్టం.

ఇక అసలు సంగతి. అమ్మాయి బాగా కుడుతుందని తెలియగానే చుట్టుపక్కలవాళ్ళు జాకెట్లు తెస్తారు. అక్కడ కుట్టుకూలి గుడ్డ ఖరీదుకు మూడురెట్లు ఉండేది మరి. నాకు తెలిసిన ఒకావిడ, వరంగల్లులో ఇంజనీరింగు చదివినావిడే, అలా మొదలుపెట్టి జాకెట్టుకు పదిహేను డాలర్లు తీసుకునేది. పాపం, అది మొదటి సొంత సంపాదన. ఆ డబ్బుతో తమ్ముడికి గడియారం కొని పంపింది. తరువాత గ్రీన్ కార్డు కాగితాల పనిమీద వెళ్ళినప్పుడు వకీలు చెప్పాడు: హెచ్-4 మీద ఇది ఉద్యోగం కిందే లెక్క, వెంటనే ఆపండి అని. డబ్బుకు బదులు బియ్యం బస్తా తీసుకున్నా అదే మాట రావచ్చునట. ఆవిడ ఆ రాత్రి మిషనుకు గుడ్డ కప్పేసింది. ఆరునెలలు ముట్టలేదు.

2015 మే నుంచి నిబంధన కొంత సడలింది. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితే హెచ్-4 భార్య పని అనుమతికి అర్జీ పెట్టుకోవచ్చు. అయితే కొత్తగా పెళ్ళయి వెళ్ళే పిల్లకు సాధారణంగా అది మొదటిరోజే చేతికి రాదు. కాబట్టి, మల్కాజిగిరి అమ్మగారూ, మీ అల్లుడిగారి కాగితాలు ఎంతదాకా వచ్చాయో మొహమాటపడకుండా అడగండి. ఎన్ని తులాలు పెడుతున్నారో వాళ్ళు అడగగా లేనిది, అమ్మాయి ఎన్నాళ్ళు పని లేకుండా ఉండాలో మనం అడిగితే తప్పేముంది? అనుమతి వచ్చేదాకా తనకోసం, పిల్లలకోసం కుట్టుకోవచ్చు, డబ్బు మాత్రం తీసుకోవద్దని గట్టిగా చెప్పండి. ఇది చిన్నతనమని చాలామంది చెప్పరు. చెప్పకపోతే నష్టపోయేది పిల్లే.

కొనవలసినవన్నీ మన జనరల్ బజారులోనే దొరుకుతాయి. లైనింగు గుడ్డ తెలుపు, నలుపు, గోధుమరంగు చెరి రెండు మీటర్లు, టూ బై టూ రుబియా ముక్కలు చీరల రంగులకు, హుక్కులు రెండు అట్టలు, చీరల ఫాల్‌లు ఒక డజను, దారపు రీళ్ళు. మిషను సూదులు 11 నెంబరు పట్టుకూ, 14 నూలుకూ, 16 దళసరి గుడ్డకూ. మంచి కత్తెర ఒకటి, చేతిసంచీలో కాదు, లోపలికి వేసే పెద్ద పెట్టెలో. ఫాల్‌లూ లైనింగూ ఇంటికి తెచ్చాక రాత్రంతా బకెట్టు నీళ్ళలో నానబెట్టండి. ఎర్రవీ పచ్చవీ వేరే బకెట్టులో, రంగు దిగుతాయి. నీడలో ఆరేసి, మడతపెట్టి, ఆది జాకెట్టు మీద సర్దండి.