యంత్రాల ముచ్చట్లు: మధ్య డిఫరెన్షియల్‌కు తాళం

పిల్లలూ, రేడియోతో నడిచే బొమ్మ కార్లలో గుట్టలూ, ఇసుకా, బురదా లెక్కచెయ్యకుండా నాలుగు చక్రాలతోనూ లాగే రకం ఒకటి వున్నది గదా! వాటిలో పెద్దవాటికి నడుమ డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల డబ్బా వుంటుంది. దానికి తాళం వేస్తే, అంటే దాన్ని బిగించేస్తే, కారు ఇంకా బాగా పోతుందని కొందరంటారు. కొంత నిజమే. కాని ఏ నేలమీద అన్నది ముందు తేల్చుకోవాలి.

అసలు డిఫరెన్షియల్ ఎందుకు? పూర్వం నూర్పిళ్ళలో బంతి కట్టేవారు. కళ్ళంలో ఎడ్లను వరసగా కట్టి, పరిచిన పనలమీద గుండ్రంగా తిప్పేవారు. నడుమనున్న ఎద్దు నిలబడ్డచోటే తిరుగుతున్నట్టుండేది. చివరనున్నదానికి మాత్రం పరుగులాంటి నడక. మలుపు తిరిగే కారు చక్రాల సంగతీ అంతే. లోపలి చక్రానికి దారి తక్కువ, బయటిదానికి ఎక్కువ. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రాలు ఇరుసుమీద దేనికది విడిగా తిరుగుతాయి, లాగేవి ఎడ్లు. కారులోనో, చక్రాలే లాగాలి. రెండింటికీ బలం అందాలి, అయినా రెండూ వేరువేరు వేగాలతో తిరగగలగాలి. ఈ పని చేసిపెట్టేదే డిఫరెన్షియల్. ఫ్రాన్సులో పెకూర్ అనే ఆయన ఆవిరిబండి కోసం దీన్ని సుమారు 200 ఏళ్ళ క్రిందటే కనిపెట్టాడు.

ముందు చక్రాల మధ్య ఒకటి, వెనక చక్రాల మధ్య ఒకటి వుంటే చాలదా, నడుమ మూడోది దేనికి? లెక్క వేసి చూద్దాం. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ 32 సెంటీమీటర్ల ఎడం వున్న కారు తీసుకోండి. వెనక ఇరుసు మధ్యభాగం 1 మీటరు వ్యాసార్ధంతో ఒక చుట్టు తిరిగితే 6 మీటర్ల 28 సెంటీమీటర్లు నడుస్తుంది. అదే చుట్టులో ముందు ఇరుసు మధ్యభాగం 6 మీటర్ల 60 సెంటీమీటర్ల దాకా నడుస్తుంది. సుమారు 31 సెంటీమీటర్లు ఎక్కువ! 11 సెంటీమీటర్ల చక్రానికి ఇది ఇంచుమించు ఒక పూర్తి చుట్టు. ఈ తేడాను సర్దేది మధ్య డిఫరెన్షియల్.

దీనిలో ఒక లోపమున్నది. ఎటు తేలికగా తిరిగితే అటే తిరిగిపోతుంది. కారు గుట్ట ఎక్కుతూ ముందు చక్రాలు గాలిలోకి లేచాయనుకోండి. అవి గిర్రున తిరుగుతాయి. వాటికి ఏ కాస్త బలం చాలునో, నేలమీదున్న వెనక చక్రాలకూ అంతే అందుతుంది. కారు వుసూరుమని నిలబడిపోతుంది. తాళం వేస్తే ముందువీ వెనకవీ ఒకే వేగంతో తిరగక తప్పదు గనుక, పట్టు దొరికిన చక్రాలు కారును లాక్కుపోతాయి. వదులు ఇసుకలోనూ, బురదలోనూ ఇది పెద్ద లాభం.

మరి సిమెంటు నేలమీద? ఆ 31 సెంటీమీటర్లు ఎక్కడికీ పోలేదు గదా! ఇసుకలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. సిమెంటుమీద జారనివ్వదు. టైర్లు రాసుకుపోతాయి, పళ్ళచక్రాలమీద వత్తిడి పడుతుంది, కారు మలుపు తిరగనని మొరాయిస్తుంది. పైగా జోరు పెంచగానే ముక్కు పైకెత్తి వెల్లకిలా పడడం కూడా కద్దు.

పెద్ద బండ్లలోనూ ఇదే కథ. పాతకాలపు జీపులకు మధ్య డిఫరెన్షియల్ లేదు. మామూలుగా వెనక చక్రాలే లాగేవి. బురద వచ్చినప్పుడు డ్రైవరు ఇంకో మీట వేసి ముందు చక్రాలను కలిపేవాడు, తారురోడ్డు ఎక్కగానే విడదీసేవాడు. 1970లో ఇంగ్లండులో వచ్చిన రేంజ్ రోవరులో మధ్య డిఫరెన్షియల్ పెట్టి, కావలసినప్పుడు తాళం వేసుకునే వీలు కల్పించారు. బొమ్మ కారుకు అలాంటి మీట సాధారణంగా వుండదు, బిగిస్తే బిగించినట్టే. అంచేత సగం తాళమే మేలని నా అభిప్రాయం. డబ్బాలో పోసే సిలికోన్ నూనెతో అది కుదురుతుంది. సీసామీద అంకె వుంటుంది. 5,000 అంటే తేనెలాగా జారేది. 1,00,000 అంటే మరీ చిక్కన, డిఫరెన్షియల్ బరువుగా తిరుగుతుంది. 10,00,000 అయితే మైనపు ముద్దే, ఇంచుమించు పూర్తి తాళం. నూనె నచ్చకపోతే మార్చుకోవచ్చు. విరిగిన పళ్ళచక్రానికి మాత్రం నాన్నగారు డబ్బు పెట్టాలి.

మీ కారుకు ఇదివరకే తాళం వున్నదా? బ్యాటరీ వూడదీసి, కారును పైకెత్తి పట్టుకుని, ముందు చక్రాలు రెండింటినీ కలిపి ముందుకు తిప్పండి. వెనకవి వెనక్కు తిరిగితే తాళం లేదు. అవి కూడా ముందుకే తిరిగితే, ఆ కారును ఇసుకకు తీసుకుపొండి, వసారాలో నడపకండి.