ఇసుక మీది ఊరు



మత్తయి సువార్త 7వ అధ్యాయములో ఇసుకమీద ఇల్లు కట్టుకున్నవాని సంగతి సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఈ నెల నిజముగా ఇసుకమీదనే ఉన్న ఒక ఊరిని గూర్చి వ్రాస్తున్నాను.

ఉత్తర ధ్రువమువైపు, అమెరికా వారి అలాస్కా రాష్ట్రములో, షిష్మరెఫ్ అనే ఊరుంది. చుక్చీ సముద్రములో సన్నని ఇసుక దీవి అది. ఇనుపియాట్ జాతివారు సుమారు 600 మంది అక్కడ వేట మీద, చేపల మీద బ్రతుకుతున్నారు. మన గుంటూరు, రాజమండ్రి వారిలాగే అక్కడివారిది లూథరన్ సంఘము.

ఇసుకలో ఊరు ఇన్నాళ్లు ఎలా నిలిచింది? నేలలోని నీరు ఏడాది పొడవునా గడ్డకట్టి, ఇసుకను సిమెంటులాగా పట్టి ఉంచేది. తుఫానుల కాలము వచ్చేసరికి ఒడ్డున సముద్రమే గడ్డకట్టేది. మన సదుం వైపు అలలు మట్టిని కోయకుండా చెరువు కట్టకు లోపలివైపు రాళ్లు పరుస్తాము కదా, ఆ మంచు చేసిన పని అదే. ఇప్పుడు భూమి వేడెక్కి, సముద్రము ఆలస్యముగా గడ్డకడుతోంది. రాళ్లు ఊడిన కట్టను అలలు కొట్టినట్టే. ఉప్పునీరు గట్టు అడుగున మంచును కరిగించి తొలిచేస్తుంది, పైనున్న నేల పెళ్లలుగా విరిగి పడుతుంది. అలాస్కా ఉత్తర తీరములో డ్రూ పాయింట్ అనే చోట 2007 నుండి 2016 వరకు సగటున ఏటా సుమారు 17 మీటర్ల నేల సముద్రములో కలిసిపోయింది.

కాకినాడ దగ్గరి ఉప్పాడలోనూ సముద్రము ఇళ్లను, రోడ్డును మింగుతోంది గాని, అక్కడి నేలలో మంచు లేదు. రెంటినీ ఒకే గాటన కట్టరాదు.

మరి షిష్మరెఫ్ వారు బుద్ధిహీనులా? ఎవరైనా ప్రసంగములో అలా అంటే నేను ఒప్పుకోను. ప్రభువు ఆ ఉపమానము చెప్పినది తన మాటలు విని చేయనివారిని గూర్చి. వీరి పెద్దలకు ఆ నేల బండవలెనే ఉండేది. దానిని కరిగించిన పొగలో వీరి వంతు బహు స్వల్పము. పెద్ద దేశాలదే ఎక్కువ; ముద్దనూరు దగ్గర బొగ్గు కాల్చి తీసే మన కరెంటుదీ కొంత ఉంది.

2016 ఆగస్టులో ఊరివారు ఓట్లు వేసుకున్నారు. వెళ్లిపోదామన్నవారు 89 మంది, ఉందామన్నవారు 78 మంది. తలిదండ్రులను పాతిపెట్టిన నేలను విడువమంటే ఎవరికైనా కష్టమే. కొత్తచోట ఊరు కట్టేంత డబ్బు సమకూడక, ఒడ్డుకు రాళ్లు పేర్చుకొని ఇంకా అక్కడే ఉన్నారు.

కుటుంబ ప్రార్థనలో ఆ సంఘమును జ్ఞాపకము చేసుకోండి. పేరు నోరు తిరగకపోతే, ఇసుక దీవి సంఘము అన్నా చాలును.