ఇంట్లో కూర్చుని డిజైను నేర్చుకోవచ్చా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో గోదావరిఖని నుంచి ఒక సోదరి వ్రాసినది నలుగురూ చదవదగినదిగా తోచింది. పేరు వెయ్యవద్దన్నారు గనుక వెయ్యడం లేదు. ఆమె ఇలా వ్రాశారు:

"అక్కయ్యగారికి నమస్తే. మావారు సింగరేణిలో, భూమి లోపలి గనిలో పనిచేస్తారు. మా రెండో అమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం చదువుతోంది. చదువుకుంటూనే ఇంటి దగ్గర గ్రాఫిక్ డిజైను నేర్చుకుని డిజైనరు అవుతానంటోంది. ఎవరో ఫోను చేసి, ఆరు నెలల కోర్సు, అరవై వేలు ఫీజు, తర్వాత ఉద్యోగం ఖాయం అంటున్నారట. బొమ్మలు గీస్తే బువ్వ పెడతాయా అని వాళ్ల నాన్న కసురుకున్నారు. అప్పటినుంచి పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదు. అప్పు తీసి ఫీజు కట్టమంటారా, మానిపించమంటారా?"

అమ్మా, ముందు జవాబు చెప్పి తర్వాత సంగతులు చెబుతాను. అప్పు చెయ్యకండి. పిల్లను మానిపించకండి.

ముందుగా మీవారి మాట తీసుకుందాం. డిజైనంటే బొమ్మలు గీయడమని చాలామంది అనుకుంటారు. నేనుండేది బసంత్‌నగర్‌లో, సిమెంటు ఫ్యాక్టరీ పక్కన. ఇక్కడ పొద్దున లేస్తే కంటికి కనబడేది సిమెంటు బస్తా. దానిమీద కంపెనీ పేరు, గుర్తు, ఏ రకం సిమెంటో, 50 కిలోలని బరువు, ఐ.ఎస్.ఐ. ముద్ర, ఏ సంవత్సరంలో ఏ వారం తయారైందో, అన్నీ ఉండాలి. బస్తా ప్లాస్టిక్ పోగుల నేత. సన్నని గీతలు దానిమీద నిలవవు. రంగులు రెండో మూడో మించితే ఖర్చు. ఇన్ని ఇరుకుల్లో, లారీ మీద పోతున్న బస్తాను దూరం నుంచి చూసి మేస్త్రీ ఫలానాదని గుర్తుపట్టాలి. అలా అక్షరాన్నీ రంగునూ ఖాళీనీ అమర్చడమే డిజైను. బొమ్మ గీయడం రానివాళ్లలో కూడా మంచి డిజైనర్లుంటారు.

మీవారికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ప్రమాదాలున్న పనిచోట పెట్టే బోర్డులు గుర్తు చేసుకోమనండి. వద్దనడానికి ఎర్రని వలయం, అడ్డంగా ఒక గీత. జాగ్రత్త అనడానికి పసుపు ముక్కోణం. తప్పక చెయ్యవలసినదానికి నీలం. బయటపడే దారికి ఆకుపచ్చ. చాలా దేశాల్లో ఇదే పద్ధతి. చదువు రానివారికి కూడా ఒక్క చూపులో తెలియాలని ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన పని ఇది. ఆ బోర్డు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైతే ఏమవుతుందో గనిలో దిగే మనిషికి నేను చెప్పనక్కర్లేదు. బువ్వ సంగతి తర్వాత. అటువంటి పని మీవారిలాంటివారి ప్రాణానికి కాపలా కాస్తోంది.

ఇక, ఇంటి దగ్గర నేర్చుకోవడం వీలవుతుందా? మనవాళ్లలోనే చూడండి. బాపుగారు మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివింది న్యాయశాస్త్రం. ఆయన చేతివ్రాత ఇవాళ కంప్యూటరు అక్షరమై శుభలేఖల మీదా పుస్తకాల అట్టల మీదా తిరుగుతోంది. వడ్డాది పాపయ్యగారు అనకాపల్లి దగ్గర కశింకోటలో ఉంటూ "చందమామ"కూ "యువ"కూ ముఖచిత్రాలు వేశారు. పట్నంలో లేకపోవడం ఆయన చేతిని ఆపలేదు. అయితే ఒక మాట మరచిపోకూడదు. ఇద్దరి పనీ పత్రికలకు వెళ్లింది. అచ్చయింది. పాఠకులు చూశారు. గదిలో తలుపు వేసుకుని గీసి గదిలోనే దాచుకుంటే ఏ విద్యా ముందుకు పోదు. నేర్చుకోవడం ఇంట్లో కావచ్చు. చూపించడం మాత్రం వీధిలో జరగాలి.

మా క్వార్టర్ల వరుసలో ఒక అమ్మాయి ఆరు నెలలపాటు ఫోనులో పాఠాలు చూసి, వాళ్లన్నయ్య శుభలేఖ తానే తయారు చేసింది. తెర మీద ముచ్చటగా ఉంది. ప్రెస్సుకు తీసుకువెళ్తే అక్షరాలన్నీ చెదిరిపోయాయి. మన డి.టి.పి. సెంటర్లలో చాలాచోట్ల ఇంకా పాత పేజ్‌మేకరు, అను ఫాంట్లు నడుస్తున్నాయి. ఈ పిల్ల వ్రాసింది యూనికోడ్ తెలుగులో. ఒకదాని భాష మరొకదానికి తెలియదు. పైగా తెర మీద ధగధగలాడిన ఎరుపు కాగితం మీద ఇటుక రంగుకు దిగింది. తెర రంగులు వెలుతురుతో చేసినవి. అచ్చు రంగులు నాలుగు సిరాలతో, లేత నీలం, గులాబి, పసుపు, నలుపులతో చేసినవి. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ప్రెస్సాయన మంచివాడు. "అమ్మా, పంపేముందు అక్షరాలను గీతలుగా మార్చి పంపు, అప్పుడు ఏ మిషనులోనూ చెదరవు. రంగులు కూడా అచ్చు లెక్కలో పెట్టుకుని మొదలుపెట్టు" అని పక్కన కూర్చోబెట్టి చూపించాడు. రెండు గంటల్లో అయిపోయిన పాఠం అది. ఆరు నెలల పాఠాల్లో ఎవరూ చెప్పలేదు.

అంచేత మీ అమ్మాయికి నేను చెప్పేది ఇది. మొదటి రెండు నెలలు కంప్యూటరు కొనవద్దు. పెన్సిలూ, స్కేలూ, పాత వార్తాపత్రికలూ చాలు. రోజుకొక ప్రకటన తీసుకుని దాన్నే మూడు విధాలుగా అమర్చాలి. ఏది ముందు కంటికి తగులుతోందో ఇంట్లోవాళ్లను అడగాలి. ఆమె మనసు నిలిచిందని తోస్తే అప్పుడు ఒకరు వాడిన కంప్యూటరు, పనికి సరిపోయేది, కొనండి. ఫోను మీద ఈ పని సాగదు. గీతలకు ఇంక్‌స్కేప్, ఫొటోలకు గింప్ అని రెండు సాధనాలున్నాయి, రెండూ ఉచితం. బొంబాయి ఐ.ఐ.టి.వారు మరికొన్ని సంస్థలతో కలిసి నడిపే డి-సోర్స్‌లో డిజైను పాఠాలు పైసా ఇవ్వకుండా చదువుకోవచ్చు. ప్రభుత్వంవారి స్వయం వేదికలోనూ పాఠాలు ఉచితమే. సర్టిఫికెట్టు కావాలంటే పరీక్ష రుసుము కట్టాలి. ఇవి ఇంగ్లీషులో ఉంటాయి. బి.కాం. చదివే పిల్ల నెమ్మదిగా అందుకుంటుంది.

ఇక్కడ ఆమెకు ఒక వరం ఉంది. అది తెలుగక్షరం. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, పక్కన కొమ్ము, కింద ఒత్తులు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుసల ఎడం మనకు సరిపోదు. పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. ఈ చిన్న సంగతి పట్టించుకోని బోర్డులూ ఫ్లెక్సీలూ రాజీవ్ రహదారి పొడుగునా కనబడతాయి. పురుషోత్ కుమార్ రూపొందించిన మండలి, గిడుగు, సూరన్న, ధూర్జటి వంటి తెలుగు ఫాంట్లు సిలికానాంధ్ర పూనికతో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి, శుభలేఖకు ఏది, మందుల షాపుకు ఏది అని ఎంచడం సాధన చేయమనండి. తెలుగు అందంగా అమర్చగలవాళ్లు ఎక్కువమంది లేరు.

ఇవాళ మాట చెబితే బొమ్మ వేసే యంత్రాలొచ్చాయి కదా అంటారేమో. నిజమే. చవకరకం పని వాటి పాలవుతోంది, దాన్ని దాచి లాభం లేదు. అయితే యంత్రం వేసిన పోస్టరులో తెలుగు ఒత్తులు తారుమారు కావడం మీరూ చూసే ఉంటారు. రేపు అదీ సర్దుకోవచ్చు. అప్పుడు కూడా, దుకాణదారు మనసులో ఉన్నదేమిటో అడిగి తెలుసుకుని, పది నమూనాల్లో ఏది తగునో చెప్పగల మనిషి కావాలి. మీ అమ్మాయి పెంచుకోవలసింది ఆ చూపు.

ఇక ఫీజు. ఉద్యోగం ఖాయమని ఎవరైనా ముందే చెబితే జాగ్రత్తపడండి. ఆ ఫోను చేసినవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. మా పిల్ల చేసిన పనిని వారం వారం దిద్దేది ఎవరు? వెనుకటి విద్యార్థులు చేసిన పనులు చూపిస్తారా? నెల రోజుల్లో మానేస్తే డబ్బు తిరిగి ఇస్తామని కాగితం మీద వ్రాస్తారా? వీటికి తడుముకుంటే నమస్కారం పెట్టి ఊరుకోండి. నిజంగా దిద్దే గురువు దొరికితే, అప్పు లేకుండా ఇవ్వగలిగినంత ఇవ్వండి.

బి.కాం. మాత్రం మానవద్దు. ఇంటర్ అయిన వెంటనే అయితే యూసీడ్ పరీక్ష వ్రాసి బి.డెస్.కు పోవచ్చు. మీ అమ్మాయికి ఆ అవకాశం దాటిపోయింది. అయితే మూడేళ్ల డిగ్రీ ఉన్నవారు సీడ్ పరీక్ష వ్రాసి ఎం.డెస్.కు దరఖాస్తు చెయ్యవచ్చు. దానికి వయసు అడ్డం లేదు. హైదరాబాదు ఐ.ఐ.టి.లోనే ఆ చదువుంది. అప్పటికి రెండేళ్ల ఇంటి సాధన చేతిలో ఉంటుంది.

సంపాదన సంగతి. మొదట మీ వీధి టైలరుకో, కర్రీ పాయింటుకో ఒక బోర్డు చేసిపెట్టమనండి. కొద్దిపాటిదైనా డబ్బు తీసుకోవాలి, సగం ముందే. ఉచితంగా చేసినదాన్ని ఎవరూ విమర్శించరు, విమర్శ లేకపోతే పని మెరుగుపడదు. బోర్డు కట్టాక వీధి అవతల నిలబడి తాను చదవగలుగుతున్నదో లేదో చూసుకోవాలి.

చివరగా మీవారికొక పని అప్పగిస్తున్నాను. అమ్మాయి గీసిన మొదటి కాగితం ఆయనకే చూపించండి. ఒక్క చూపు చూసి, ఏం అర్థమైందో చెబితే చాలు. అర్థం కాకపోతే కాలేదనే చెప్పమనండి. పిల్ల అలగదు, మళ్లీ గీసుకొస్తుంది. అన్నం కూడా తింటుంది.