తాండూరు కంది, పొరుగువాని చేను

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో వేసినదే. ఎవరి దగ్గర కొనాలో మనకు చెప్పడానికి వాళ్ళెవరని మనమంతా అడిగాం. న్యాయమైన ప్రశ్నే. అయితే ఇదే ప్రశ్న మనల్ని అడగగల చిన్న దేశాలూ ఉన్నాయి.

వికారాబాద్, తాండూరు సంఘాల వారికి దీన్ని కందుల లెక్కలో చెబితే తేలిక. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. 2016 జూలైలో మన ప్రభుత్వం మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుని, అయిదేళ్ళలో ఏడాదికి 2 లక్షల టన్నుల దాకా కొంటామంది. ఆ ఏడు మన చేలల్లోనే పంట విరగకాసింది. 2017 ఆగస్టులో ఢిల్లీ కంది దిగుమతికి పరిమితి పెట్టింది. మొజాంబిక్ ఒప్పందాన్ని మినహాయించారు, నిజమే. ఒప్పందంలోకి రాని పంట మాటేమిటి? అక్కడా, మయన్మార్‌లోనూ ధర కూలిపోయింది. మయన్మార్ వాళ్ళు కందిపప్పు పెద్దగా తినరు. పండించేది దాదాపు అంతా మన వంటింటికే. సొంత జెండా ఉన్నా, ఏ పంట వేయాలో ఢిల్లీ నోటిఫికేషన్ చూసి తేల్చుకోవలసి వస్తే ఆ స్వాతంత్ర్యం ఎంతపాటిది?

2021 మేలో తలుపులు మళ్ళీ తెరిచారు. జూన్‌లో మయన్మార్‌తో ఏటా లక్ష టన్నుల కందికి ఒప్పందం కుదిరింది. అంతకు నాలుగు నెలల ముందే అక్కడ సైన్యం అధికారం లాక్కుంది. చిన్ రాష్ట్రంలోని మన సహవిశ్వాసులు వేలాదిగా మిజోరాంకు పారిపోయి వచ్చారు. మనకు పప్పు కావాలి గనుక గద్దె మీద ఎవరున్నారని అడగలేదు. నాబోతు ద్రాక్షతోట కథ విన్నప్పుడల్లా మనం నాబోతు పక్కనే నిలబడతాం. ఈ విషయంలో మాత్రం మనం కూర్చున్నది అహాబు ఇంట్లో.

తాండూరుకూ నష్టం ఉంది. 2022 డిసెంబరులో మన కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ దిగుమతుల గడువు పొడిగించినప్పుడల్లా మన రైతు గుండె జారుతుంది. ఆపేస్తే పొరుగు రైతు మునుగుతాడు.

దిగుమతి పూర్తిగా ఆపమని మేము కోరం. ఎంత కొంటారో విత్తనం వేయకముందే చెప్పి, కోత దాకా ఆ మాట మీద నిలబడమంటున్నాం. చేవెళ్ళ ఎంపీ దగ్గరకు ధర కోసం వెళ్ళే రైతులతో మన సంఘపెద్దలు కూడా వెళ్ళి, ఈ ఒక్క మాట అడగాలి.